చంకలో పిల్లి

పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకు వెళ్ళినట్టు అని సామెత. ఆ సామెత పుట్టించిన మహానుభావుడెవరో గాని, ఆయన ఏనాడూ పిల్లిని చంకన పెట్టుకుని ఎరగడని నాకు గట్టి నమ్మకం. పిల్లి చంకలో ఉండదు. భుజమ్మీద ఉంటుంది, జడలో ఉంటుంది, మా గణపవరంలో అయితే ఆటోలోంచి దూకి ఏ చేపల చెరువు గట్టు మీదో ఉంటుంది.

మా చిట్టిబాబుకి ఒంట్లో బాగాలేదని ముందు కనిపెట్టింది మా అత్తగారు. ఆవిడకీ వాడికీ క్షణం పడదు. మడి బట్టలు తాకుతాడని ఆవిడా, తాకనివ్వదని వాడూ! అలాంటిది ఆ వేళ ఆవిడే పెరట్లోంచి పిలిచి, "అమ్మాయ్! నీ పిల్లి పొద్దుటినించీ ఇసుకలో కూర్చోడం, లేవడం. పని మాత్రం కావడం లేదు" అన్నారు.

చూద్దును గదా, వాడు మూలుగుతున్నాడు. పాలు ముట్టలేదు. మావారు ఊళ్ళో లేరు. ఇలాంటివన్నీ ఆయన ఊళ్ళో లేనప్పుడే వస్తాయి.

పక్కింటి వదినగారు బార్లీ నీళ్ళు పట్టమన్నారు. ఎదురింటి పిన్నిగారు పారాసెటమాల్ బిళ్ళ సగానికి విరిచి మరీ తెచ్చారు. పిల్లికి ఆ బిళ్ళ విషం. మన కాలేయం హరాయించుకున్నట్టు దాని కాలేయం ఆ మందుని హరాయించుకోలేదు. ఒక్క బిళ్ళ ప్రాణం తియ్యగలదు. ఈ సంగతి ఎక్కడో చదివి ఉన్నాను కనక, పిన్నిగారు నొచ్చుకోకుండా ఆ సగం బిళ్ళా నేనే మింగేశాను. నాకూ తలనొప్పిగానే ఉంది లెండి.

పాత దిండు గలీబులో వాణ్ణి దింపి, తల మాత్రం పైకి ఉంచి, పశువుల ఆస్పత్రికి పట్టుకెళ్ళాను. మనుషులకి 108 ఎలాగో పశువులకి 1962 అని 2022లో మన రాష్ట్రంలో బళ్ళు వచ్చాయి. వాటిలో గేదెను ఎత్తి ఎక్కించే లిఫ్టు కూడా ఉంటుంది. మా వాడికి గలీబు చాలు.

వేపచెట్టు కింద రెండు గేదెలూ, ఓ పెయ్యా మాకంటే ముందున్నాయి. కాంపౌండరు తలెత్తకుండా, "ఆవాండీ, గేదాండీ?" అన్నాడు.

"పిల్లండీ."

అప్పుడు తలెత్తాడు. కాసేపు ఆలోచించి 'ఇతరములు' అని రాసుకున్నాడు.

డాక్టరమ్మ చిన్నపిల్ల. పొట్ట పట్టి చూడగానే నవ్వు మాయమైంది. "మూత్రసంచి బత్తాయంత అయిందండీ. దారి మూసుకుపోయింది. మగపిల్లులకి ఆ గొట్టం మరీ సన్నం, ఇసకలాంటి పలుకులు అడ్డుపడతాయి" అంది. ఆడపిల్లులకి ఈ బాధ చాలా అరుదట. పోనీలెండి, ఒక్క విషయంలోనైనా దేవుడు ఆడజాతిని కనికరించాడు. "ఆలస్యమైతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. నా దగ్గరున్నవన్నీ గేదెల కొలత గొట్టాలు. గన్నవరం కాలేజీ అయితే మంచిదే గాని అంతదూరం ఆగేట్టు లేదు. గూడెంలో చిన్న జంతువులు చూసే డాక్టరుగారున్నారు, నేను ఫోను చేస్తాను, వెంటనే బయల్దేరండి" అంది.

నాకు కాళ్ళలో సత్తువ పోయింది. రోడ్డు మీద దొరికిన ఆటోలో అప్పటికే నలుగురు పట్టుచీరల ఆడవాళ్ళు. గూడెంలో పెళ్ళికిట! సామెత నిజం చెయ్యడానికి నేనే దొరికానన్నమాట. ఒక పెద్దావిడ నా గలీబు చూసి, "శుభమా అని పెళ్ళికెళ్తుంటే పిల్లేవిటమ్మా?" అంది.

"పిల్లి ఎదురొస్తే కదండీ అపశకునం? ఇది పక్కన కూర్చుంది" అన్నాను. నవ్వుదామనుకున్నాను గాని గొంతు పూడుకుపోయింది.

ఆవిడ నా మొహం చూసింది. తరవాత చిట్టిబాబు మొహం చూసింది. "వాడి కళ్ళు తేలిపోతున్నాయే! ఒరే అబ్బాయ్, ముందు ఆస్పత్రికి పోనీ. ముహూర్తానికింకా టైముంది" అంది. ఆవిడెవరో, ఏ ఊరో అడగలేదు. ఆ పిల్ల కాపురం నూరేళ్ళు చల్లగా ఉండాలి.

గూడెం డాక్టరుగారు మత్తిచ్చి, అంగుళాలు కాదు, పోగుల్లో కొలవాల్సినంత సన్నటి గొట్టం వేశారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఐదారు నవలలు రాశాను, బోలెడంతమందిని చంపాను, ఒక్కరికీ ఇంతసేపు పట్టలేదు. లోపల్నించి "వచ్చేసిందండీ!" అన్న కేక వినిపించగానే ఏడ్చేశాను. ఏమొచ్చిందని ఏడ్చానో ఎవరైనా అడిగితే చెప్పుకోడానిక్కూడా బాగుండదు.

మూడు రోజులు అక్కడే ఉంచుకున్నారు. ఇంటికి పంపుతూ, వీలైనంత నీళ్ళు పట్టమన్నారు. పిల్లుల పూర్వీకులు ఎడారి జంతువులుట, అందుకే దాహం తక్కువట. కొల్లేటి పక్కన పుట్టి, చెరువుల మధ్య పెరిగి, అలవాట్లు మాత్రం ఎడారివి! ఇప్పుడు మా ఇంట్లో గదికో నీళ్ళ గిన్నె. రాత్రిళ్ళు కాలు తగిలి మావారు రోజూ ఒకటి తన్నేస్తారు.

వాడొచ్చిన సాయంత్రం దేవుడి గదిలో పసుపు గుడ్డ ముడుపు కనబడింది. చిన్న తిరుపతి వెంకన్నకి, పదకొండు రూపాయలు.

"ఎవరికండీ ఇది, అత్తయ్యగారూ?" అన్నాను.

ఆవిడ వత్తులు చేసుకుంటూ, తలెత్తకుండా, "వాడికే. గోత్రం తెలీదు కదా, మనదే చెప్పాను" అన్నారు.