మా గట్టు మీద తాటిచెట్లు

ఆటోనగర్‌లో మా ఇంటి చుట్టూ లారీ బాడీలు కట్టే షెడ్లే. ఆ సుత్తి మోతల్లో అన్ని నెలలూ ఒకలాగే ఉంటాయి. కాలం మారిందని నాకు తెలిసేది గుడివాడ దగ్గర మా పుట్టింటి నుంచి సంచీ వచ్చినప్పుడే.

వేసవిలో ముంజలు. కొయ్యకుండా వదిలిన గెలలు శ్రావణ భాద్రపదాలకి పండుతాయి. ఆ గుజ్జుతో అమ్మ రొట్టె కాలుస్తుంది. టెంకలు పారెయ్యదు, పెరట్లో పాతరేస్తుంది. సంక్రాంతికి అవే తేగలు! కుండలో తంపటి పెట్టి ఇస్తే, చీల్చి మధ్యలో చందమామ కోసం మా పిల్లలు కొట్టుకుంటారు. ఒక్క చెట్టు, మూడు కాలాల తిండి.

ఇప్పుడు తమ్ముడు పొలాన్ని చేపల చెరువుకి లీజుకిద్దామంటున్నాడు. వరిలో ఏమీ మిగలడం లేదు, వాడిని తప్పుపట్టలేను. కానీ చెరువుకి గట్టు వెడల్పు చేస్తే నాన్న కాపాడుకొచ్చిన తాటిచెట్లు పోతాయి. తాడి కాపుకి రావాలంటే పదిహేనేళ్ళయినా పడుతుంది. ముంజలు బెంజిసర్కిల్ దగ్గరా దొరుకుతాయి, నిజమే. అమ్మ పాతరేసిన తేగలు ఎక్కడ కొనను?

"చెరువు తవ్వుకోరా. నా వాటా లీజు డబ్బులూ నువ్వే తీసుకో. ఆ ఆరు చెట్లూ ఉంచు" అన్నాను ఫోనులో.

వాడింకా ఏమీ చెప్పలేదు. అమ్మ మాత్రం ఈ ఏడూ టెంకలు పాతరేసిందట.