ఎర్త్ కొడుతోందాంటీ!

మా అమ్మాయి వాళ్లుండేది కొత్తగూడలో. మావారు రిటైరయ్యాక మేమూ ఇక్కడికే చేరాం. సాయంత్రం ఆరయ్యేసరికి మా మనవడికి ఆకలేస్తుంది. ఇంట్లో ఎన్ని చేసిపెట్టినా వాడి కళ్లు మాత్రం వీధి చివర ఆగే టిఫిన్ వ్యాను మీదే. సరే పదమని నేనూ బయల్దేరతాను. వాడికి దోసె వంక, నాకు మిరపకాయ బజ్జీ వంక.

ఆ వ్యాను నడిపేది విజయనగరం వైపు నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు. పాత వ్యానుకి ఒక పక్క రేకు కోసి, స్టీలు బల్ల బిగించి, లోపల చిన్న ఫ్రిజ్, గ్రైండరు, రెండు ఫ్యాన్లు, ఆరు బల్బులు పెట్టుకున్నారు. పొయ్యి గ్యాసుదే. కరెంటు మాత్రం ఎదుటి సందులోని ఒక షాపు నుంచి వస్తుంది. నలభై గజాల వైరు వేపచెట్టు కొమ్మ మీదుగా వచ్చి, మురుగుకాలవ పలక కిందుగా దూరి, వ్యాను వెనక తేలుతుంది. రోజుకింతని షాపాయనకి ఇస్తారట. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి... ఐటీ ఆఫీసులు వదిలే వేళకి ఏ రోడ్డు పక్కన చూసినా ఇలాంటి బళ్లే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభించిననాడు ఈ చుట్టుపక్కల బండరాళ్లు తప్ప ఏముండేవి? అద్దాల మేడలు మొలిచాక, వాటిలో పనిచేసేవాళ్లకి ఆకలి తీర్చే బళ్లూ మొలిచాయి. మేడలకి సబ్‌స్టేషన్లున్నాయి. బళ్లకి చెట్టు కొమ్మ మీద వైరుంది.

2025 ఆగస్టు మొదటి వారంలో, సన్నగా తుంపర పడుతుంటే బల్ల మీద చెయ్యి ఆనించాను. జివ్వుమంది. చటుక్కున తీసేశాను. పక్కనే మెడలో ఐడీ కార్డు వేలాడేసుకున్న అబ్బాయి నవ్వి, ‘‘కొంచెం ఎర్త్ కొడుతోందాంటీ. రోజూ ఉండేదే’’ అన్నాడు. వ్యాను అమ్మాయి కూడా, ‘‘చెప్పులుంటే ఏటీ అవ్వదమ్మా’’ అంటూ తన ప్లాస్టిక్ చెప్పులు చూపించింది.

‘ఎర్త్ కొడుతోంది’ అనే మాట వింటే మా నాన్నకి ఒళ్లు మండేది. ఆయన తెనాలిలో ప్రైవేటు వైర్‌మన్. చొక్కా జేబులో పెన్నుకి బదులు టెస్టరు. ‘‘ఎర్త్ ఉంటే ఎందుకు కొడుతుందే? లేకే కొడుతుంది. రక్షించేవాడి పేరుని దొంగకి పెట్టారు’’ అనేవాడు. ప్లగ్గులో పైపిన్ను మిగతా రెంటికంటే పొడుగ్గా, లావుగా ఎందుకుంటుందో ఏడేళ్లప్పుడే నాకు చెప్పాడు. పెట్టేటప్పుడు అదే ముందు తగలాలి, తీసేటప్పుడు అదే ఆఖర్న వదలాలి. ఎండాకాలంలో మా పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్త్ గుంటలో రోజూ బిందెడు నీళ్లు పొయ్యడం నా పని. తులసికి ఒక చెంబు, ఎర్తుకి ఒక బిందె. ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు.

ఇంత తెలిసిన దాన్ని ఆ రోజు ఏం చేశాను? మనవణ్ని వెనక్కి లాగాను, పార్సిల్ కట్టించుకుని వచ్చేశాను. మర్నాడూ అంతే. బల్ల తాకకుండా డబ్బులిచ్చి, ప్లేటు తీసుకునేదాన్ని. మన జాగ్రత్త మనం పడితే చాలనుకున్నాను. ఊరికే కల్పించుకుని వాళ్ల వ్యాపారం పాడుచెయ్యడమెందుకు అనీ అనుకున్నాను. రెండు వారాలు ఇలాగే గడిచాయి.

ఆగస్టు 18, సోమవారం. పొద్దున్నే టీవీ పెడితే రామంతాపూర్ వార్త. ముందురోజు రాత్రి శ్రీకృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తీగ తగిలి అయిదుగురు చనిపోయారు. కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. నాకు కనపడింది రామంతాపూర్ కాదు, తెనాలిలో ఒక పెళ్లిపందిరి.

నాకప్పుడు పన్నెండేళ్లు. మా వీధిలోనే పెళ్లి. లైట్ల పని నాన్నది కాదు, మైక్‌సెట్ వాళ్లది. భోజనానికి వెళ్లినప్పుడు, పందిరి ఇనప గొట్టానికి చుట్టిన వైరు మీద అతుకు ఒకటి టేపు లేకుండా ఉండటం నాన్న చూశాడు. పెళ్లివారి హడావుడిలో ఎవరితో చెప్పాలో తెలియలేదు. పైగా వేరేవాళ్ల పనికి వంకపెట్టాడంటారని జంకాడు. రాత్రి వాన పడింది. మైక్‌సెట్ కుర్రాడు, పధ్నాలుగేళ్లవాడు, ఆ గొట్టం పట్టుకుని వదల్లేకపోయాడు. కరెంటు తగిలితే వేళ్లు బిగుసుకుంటాయి, వదలమన్నా వదలవు. నాన్న ఆ తర్వాత నలభై ఏళ్లు బతికాడు. ఆ కుర్రాడి మాట వచ్చినప్పుడల్లా ‘‘చూశానమ్మా, చూసి అన్నం తిని వచ్చేశాను’’ అనేవాడు.

ఆ సోమవారం సాయంత్రం దాకా ఆగలేదు నేను. మా అపార్ట్‌మెంటు ఎలక్ట్రీషియన్‌ని బతిమాలి వెంటబెట్టుకెళ్లాను. దారిలో తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు డెన్వర్‌లో ఉంటాడు.

వాడి సంగతి కొంచెం చెప్పాలి. 2019లో మేము వెళ్లినప్పుడు ఇల్లంత వ్యాను అద్దెకి తీసుకుని వారం రోజులు తిప్పాడు. లోపలే మంచాలు, వంటిల్లు, స్నానాలగది. రాత్రయితే క్యాంపు మైదానంలో ఆపుతారు. అక్కడ ఒక్కో వ్యానుకి ఒక నడుమెత్తు స్తంభం, దానికి 30 ఆంపియర్లది ఒకటి, 50 ఆంపియర్లది ఒకటి ప్లగ్గులు. మన ఇంట్లో గీజరు ప్లగ్గు 16 ఆంపియర్లే కదా, చూసి ఆశ్చర్యపోయాను. మావాడు వ్యాను తాడు తగిలించే ముందు చిన్న డబ్బా ఒకటి ఆ స్తంభానికి గుచ్చి, మూడు లైట్లు ఎలా వెలుగుతున్నాయో చూసేవాడు. చీకటి పడ్డా, పిల్లలు ఆకలని ఏడ్చినా అది అయ్యాకే. ‘‘ఒరేయ్, ఇదేం చాదస్తంరా, అచ్చం నాన్నే’’ అని నవ్వాను. మూడోరోజు ఒకచోట లైట్లు తప్పు చూపించాయి. తాడు తగిలించకుండా ఇంకో స్తంభం దగ్గరికి మార్చుకున్నాడు. అక్కడ ఇంటి కరెంటు 120 వోల్టులు. ఆ 30 ఆంపియర్ల ప్లగ్గు చూడ్డానికి బట్టలారబెట్టే మిషన్ల పాత ప్లగ్గులా ఉంటుందట. ఆ మిషన్లవి 240 వోల్టులు. తెలియని ఎలక్ట్రీషియన్ దీనికీ 240 ఇచ్చేస్తే లోపలున్న సామానంతా కాలిపోతుంది. అంతకంటే భయం ఎర్త్ తెగిపోవడం. అప్పుడు లోపల ఏ వస్తువులో లీకున్నా వ్యాను ఒళ్లంతా కరెంటే. దానికి వాళ్లు ‘హాట్ స్కిన్’ అని పేరు కూడా పెట్టుకున్నారు. వ్యాను నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి ఆ కరెంటు భూమిలోకి పోదు. తడినేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాడి కోసం కాచుకుని ఉంటుంది.

అమెరికా క్యాంపు మైదానంలోదీ కొత్తగూడ సందులోదీ ఒకే జబ్బు కదా!

ఎలక్ట్రీషియన్ వ్యానులో అన్నీ ఒక్కొక్కటే వేసి చూశాడు. ఫ్యాన్లు వేస్తే ఏమీ లేదు. గ్రైండరు వెయ్యగానే టెస్టరు వెలిగింది, బల్బులు కాస్త మందగించాయి. గ్రైండరు పాడైందనుకున్నాను. అతను తల అడ్డంగా ఊపి, వైరు పట్టుకుని షాపు దాకా వెళ్లాడు. అక్కడ బోర్డు విప్పి, ‘‘గిదేందమ్మా, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తెచ్చి ఎర్తు పిన్నుకి జోడించిండ్రు’’ అన్నాడు.

ఆ షాపుకి అసలు ఎర్త్ గుంటే లేదు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంది కదా అని లోకం అనుకోవాలి, అంతే. పైగా మీటరు దగ్గర న్యూట్రల్ స్క్రూ వదులైంది. గ్రైండరు లాంటి బరువు పడగానే తిరిగి వెళ్లాల్సిన కరెంటుకి అక్కడ అడ్డు తగిలి, ఆ ముక్క గుండా వ్యాను రేకులోకి కొంత వోల్టేజీ ఎక్కుతోంది. అదే మనవాళ్లకి ‘ఎర్త్ కొట్టడం’. ఆ స్క్రూ పూర్తిగా ఊడిననాడు దాదాపు 230 వోల్టులూ స్టీలు బల్ల మీదే.

‘‘ఆర్‌సీసీబీ పెడితే పోదా?’’ అన్నాను, తెలిసినదాన్నని చూపించుకోవడానికి. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. వెళ్లిన కరెంటులో 30 మిల్లీ ఆంపియర్లు తిరిగి రాకపోతే ఠక్కున ఆగుతుంది. మన తొమ్మిది వాట్ల బల్బు తీసుకునేది అంతకంటే ఎక్కువే. ‘‘ఆ ముక్క ఉండంగ బండిల పెడితే దానికి కనవడదమ్మా. ఇది ఎర్తు వైరు దారిల ఒస్తున్నది’’ అన్నాడతను. తమ్ముడు ఫోన్‌లో అదే మాట: ‘‘అక్కా, నా మూడు లైట్ల డబ్బాకి కూడా ఈ మోసం చిక్కదే.’’

షాపాయనకి కోపమొచ్చింది. ఇన్నేళ్లుగా ఎవరికేమైందన్నాడు. గుంట తవ్వుదామంటే కింద బండే అన్నాడు. అది అబద్ధం కాదు, ఈ వైపంతా బండే. ఎర్త్ దొరకడం తెనాలి నల్లమట్టిలో ఉన్నంత సులువు కాదు. లోతుగా బోరు వేసి గొట్టం దించి, బెంటొనైట్ మట్టి నింపాలి. దానికి బిల్డింగు ఓనరు ఒప్పుకోవాలి. ‘‘మీకిష్టం లేకపోతే కరెంటు మానెయ్యమనండి’’ అని తేల్చేశాడు. వ్యాను అబ్బాయి మొహం చూస్తే, అనవసరంగా వీళ్ల పొట్టకొట్టానా అనిపించింది. ఆ అమ్మాయి అయితే నాతో మాట్లాడలేదు. పిండి గిన్నె మీద మూత పెట్టుకుని అటు తిరిగిపోయింది.

అయిదు రోజులు వ్యాను రాలేదు. మనవడు రోజూ అడిగేవాడు. మావారు ‘‘నీకెందుకొచ్చిన గొడవ’’ అనలేదు గానీ, అననట్టు చూశారు.

ఆరోరోజు కొంచెం అవతల, కొత్తగా కట్టిన మెడికల్ షాపు పక్కన కనపడింది. ఆ బిల్డింగుకి ఎర్త్ గుంట ఉందని మా ఎలక్ట్రీషియనే వెతికిపెట్టాడట. నాతో ఒక్కమాట చెప్పలేదు. వైరు కొత్తది, అతుకుల్లేవు. కాలవ దగ్గర గొట్టంలోంచి వచ్చింది. వ్యాను లోపల చిన్న పెట్టెలో ఆర్‌సీసీబీ, దాని మీద పసుపు, కుంకుమ బొట్లు. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కమన్నాడట, ఆ అబ్బాయి మాత్రం రోజూ దీపం పెట్టగానే నొక్కుతున్నాడు.

‘‘అమ్మా, ఇప్పుడు ముట్టుకోండి’’ అన్నాడు.

అరచేత్తో పట్టుకోకుండా వేళ్ల వెనకవైపు ఆనించాను. అది నాన్న అలవాటు. చల్లగా ఉంది స్టీలు. గ్రైండరు తిరుగుతోంది. ‘‘అమ్మమ్మా, నేనూ’’ అంటూ మనవడు నా చెయ్యి పక్కనే చెయ్యి పెట్టాడు. ఆ అమ్మాయి ఇంకా నా వైపు చూడలేదు గానీ, మిరపకాయ బజ్జీలు మాత్రం ఒకటి ఎక్కువే వేసింది.