మేజోడు ముడత

పొలసరలో వాన వెలిసింది. అరుగు మీద మనవడి మేజోళ్లు ఆరేస్తున్నాను. మడమ దగ్గర ముడత. వేలితో దాన్ని సాపు చేస్తుంటే ఎందుకో జాన్ వుడెన్ గుర్తొచ్చాడు.

1930లలో అమెరికాలో డబ్బిచ్చి బాస్కెట్‌బాల్ ఆడించే జట్లు అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నాయి. వుడెన్ ఇండియానాపోలిస్ జట్టుకి ఆడుతూనే బడిలో ఇంగ్లిషు పాఠాలు చెప్పేవాడు. వరసగా 134 ఫ్రీ త్రోలు వేసిన చెయ్యి మర్నాడు సుద్దముక్క పట్టుకునేది. తర్వాత యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయ జట్టు శిక్షకుడై 12 ఏళ్లలో 10 జాతీయ టైటిళ్లు గెలిపించాడు. అంతటివాడు కొత్త ఆటగాళ్లకు మొట్టమొదట నేర్పింది మేజోడు తొడుక్కోవడం! ముడత పడితే బొబ్బ, బొబ్బ లేస్తే ఆట లేదు.

మా చిన్నప్పుడు బడిలో మాకు బూట్లెక్కడివి? మా డ్రిల్లు మాస్టారు ఒడియా బడిలో తెలుగాయన. మెడలో ఈల ఉన్నా ఊదడం తక్కువ. మమ్మల్ని వరసలో నిలబెట్టి, "ఏదీ, కాలెత్తరా బాబూ" అంటూ వంగి, అరికాళ్లలో ముళ్లు వెతికేవారు. గుచ్చుకున్నదాన్ని పిన్నీసుతో, నొప్పి తెలియకుండా తీసేవారు. వయసులో ఉన్నప్పుడు ఆయన ఏ ఆట ఆడారో మేమెవరమూ అడగలేదు.

మనవడొచ్చి మేజోళ్లు లాక్కున్నాడు.

"ఇంకా తడారలేదురా" అన్నాను.

అప్పటికే వీధిలో ఉన్నాడు.