వై కొట్టేముందు

సింగరేణిలో గనిని 'బాయి' అంటారు. బాయిలో బొగ్గు స్తంభాలను తీసే పని డీపిల్లరింగ్. స్తంభం తీస్తే కప్పు కూలుతుంది కాబట్టి, ముందు కప్పును కొట్టి చప్పుడు వినాలి. గోదావరిఖనిలో రిటైరైన ఓ కార్మికుడికి ఆ అలవాటు కంప్యూటరు దగ్గర పనికొచ్చింది.

కొడుకు వదిలివెళ్లిన పాత కంప్యూటరది. ఉబుంటు లైనక్స్. డిస్కు నిండిపోయి మనవరాలి ఫొటోలకు చోటు లేదు. "అక్కరలేనివి తీసెయ్ బాపూ" అని కొడుకు ఫోన్‌లో నల్ల తెర దారి చూపించాడు.

ముందు 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొట్టి, అన్నీ కొత్తవైపోయాయనుకున్నాడు. కాలేదు! అది కొత్త వెర్షన్ల జాబితా తెస్తుందంతే. వాటిని దించి వేసేది 'అప్‌గ్రేడ్'. (పేర్లు పెట్టినవాళ్లు కాస్త ఆలోచించాల్సింది.) 'రిమూవ్' ప్రోగ్రామును తీసేసి, దాని సెట్టింగుల ఫైళ్లను ఉంచుతుంది. 'పర్జ్' వాటినీ ఊడుస్తుంది. సొంత ఫోల్డరులోని ఫొటోల జోలికి రెండూ రావు.

అసలు ప్రమాదం వేరే. ఒక ప్రోగ్రాము మీద మరొకటి ఆనుకొని ఉంటుంది. ఆధారం తీస్తే ఆనుకున్నవీ పోతాయి. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ఈ ఆప్ట్, ఏమేం పోతాయో ముందే చూపించి 'వై'నా, 'ఎన్'నా అని అడుగుతుంది. 2021లో లైనస్ సెబాస్టియన్ అనే యూట్యూబర్ ఆటల కోసం స్టీమ్ వేయబోతూ, హెచ్చరికను దాటేసి డెస్క్‌టాప్‌నే పోగొట్టుకున్నాడు. ప్యాకేజీలోనూ లోపముందనుకోండి.

జాబితాలో 'పైథాన్' చూసి, పాముతో మనకేం పని అనుకున్నాడు ఈయన. రిమూవ్ కొట్టాడు. తెరంతా పేర్లు! ఒక్కొక్కటే చదివితే డెస్క్‌టాప్ పేరూ కనిపించింది. 'ఎన్' కొట్టాడు. ఎవరూ ఆడని ఆటలు రెండు తీసి, 'ఆటోరిమూవ్' కొట్టి, దించుకున్న పాత ప్యాకేజీలను 'క్లీన్'తో ఊడ్చాడు. మూడు జీబీ ఖాళీ అయింది.