మధ్య గీత దగ్గర

మా ఇంటి ముందుగది గోడమీద మా పెళ్లి ఫొటో ఒకటి తప్ప తక్కినవన్నీ కబడ్డీ ఫొటోలే. వచ్చిన బంధువులు వాటిని చూసి నవ్వుకుంటారు. దుమ్ములో ఒకరి మీద ఒకరు పడి ఉన్న పిల్లల్ని చూసి, “ఇదేమైనా ప్రమాదమా?” అని అడిగిన వారు కూడా ఉన్నారు. గనుల ఊరు గనుక వారికి ముందు ఆ ఆలోచనే వస్తుంది. గోడకెక్కని ఫొటో ఒకటి ఉంది. ఇరవై మూడేళ్లు అది ట్రంకుపెట్టె అడుగున, బట్టల కింద ఉండిపోయింది. దాని గూర్చి వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను నస్పూర్‌లో పెరిగినవాణ్ణి. శ్రీరాంపూర్ ఏరియాలో ఒక భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యాను. చిన్నప్పుడు క్వార్టర్ల వెనుక ఖాళీ జాగాలో చీకటి పడేదాకా చెడుగుడు ఆడేవాళ్లం. పదిహేనో ఏట భుజం ఎముక విరిగింది. ఇక ఆడవద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. ఆడడం మానాను గాని, చూడడం మానలేదు. చుట్టుపక్కల ఎక్కడ పోటీ జరిగినా షిఫ్టు దిగి, స్నానం చేసి, సైకిలెక్కేవాణ్ణి. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీని మొదటిసారి పతకాల ఆటగా చేర్చారు. మనవాళ్లకు బంగారు పతకం వచ్చిందని తెలిసిన రోజున మా క్వార్టరు ముందు అందరికీ చాయ్ పోయించాను. “నువ్వేమన్న ఆడినవా?” అని మా నాయిన అడిగాడు.

ఆ తరువాత బోనస్ డబ్బులతో మంచిర్యాలలో ఒకరి దగ్గర పాత జెనిట్ కెమెరా కొన్నాను. రష్యా వాళ్లది, ఇనుప ముద్దలా బరువుండేది. ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. ఒక ఫొటో తీశాక బొటనవేలితో మీట లాగితేనే రీలు ముందుకు జరిగేది. షటరు వేగం ఎంత పెంచినా సెకనులో 500వ వంతు దాటదు. అయినా పగటి ఎండలో కబడ్డీకి అది చాలు. కూతకు వచ్చినవాడి కాలు గాలిలో ఉండగానే నిలిచిపోతుంది, వాడి మడమ కింద లేచిన దుమ్ము రేణువులతో సహా. రాత్రి ఆటలకు మాత్రం పనికివచ్చేది కాదు. ఫ్లాష్ పెడితే షటరును సెకనులో 30వ వంతుకు దించాలి. పైగా ఆ మెరుపు ఆడేవాళ్ల కళ్లలో కొడుతుంది.

రీలులో 36 ఫొటోలు. రీలు ఖర్చు, కడిగించే ఖర్చు గని జీతగానికి తక్కువేమీ కాదు. అందుకని పెళ్లిళ్లకు, బాప్తిస్మాలకు ఫొటోలు తీసిపెట్టేవాణ్ణి. ముప్పై వాళ్లవి, చివరి ఆరు నావి. ఒకసారి పెళ్లివారికిచ్చిన కవరులో నడుముకు తువ్వాలు బిగించిన ఇద్దరు ఆటగాళ్ల ఫొటో వెళ్లిపోయింది. వీళ్లు ఎవరి తరఫు చుట్టాలని ఆ ఇంట్లో రెండు రోజులు విచారించారట.

ఆట మొత్తాన్ని వెంటాడితే ఒక్క ఫొటో కూడా సరిగా రాదని మొదటి రెండు రీళ్లు పాడయ్యాక తెలిసింది. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. రెండు వైపులా ఏడుగురేసి. కూతకు పోయినవాడికి 30 సెకన్లు. ఎంత దూరం పోయినా వాడు తిరిగి చేరవలసింది మధ్య గీతకే. కాబట్టి ఫోకస్‌ను ముందే మధ్య గీత మీద పెట్టి, దాని కొసన మట్టిలో గొంతుకూర్చుని ఎదురుచూసేవాణ్ణి. బాయిలో ఓపిక నేర్చుకున్నవాడికి ఇది కష్టమేమీ కాదు.

ఆ కెమెరాలో ఒక చిత్రముంది. లోపల ఒక అద్దం ఉంటుంది, మనం చూసేది దానిలోంచే. బటన్ నొక్కగానే ఆ అద్దం పైకి లేస్తుంది, కంటికి చీకటి. ఆ చీకటిలోనే రీలు మీద బొమ్మ పడుతుంది. అంటే ఫొటోలోకి వచ్చిన క్షణాన్ని తీసినవాడు చూడడు. చూశానని అనుకుంటాడు, అంతే. ఎనిమిది గంటలు టోపీ లైటు వెలుగులో పనిచేసి పైకి వచ్చేవాణ్ణి గనుక కాబోలు, ఈ సంగతి నాకు తెగ నచ్చేది. ఆ క్షణంలో ఏం జరిగిందో తెలియడానికి మంచిర్యాల నుంచి కవరు రావాలి.

ఇంకొక ఇబ్బంది మాత్రం కెమెరాది కాదు, నాది. నేను అభిమానిని. మనవాడు దొరికిపోతుంటే చేతులు వణికేవి. గెలిస్తే ఎగిరేవాణ్ణి. “మీరు ఫొటోలు తీయ పోతున్నరా, కేకలు పెట్ట పోతున్నరా?” అని మా ఇంటావిడ అడిగేది. రెంటికీ అనేవాణ్ణి.

1996 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, దగ్గరి పల్లెలో పోటీలు పెట్టారు. ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. ఆరాధన ముగియగానే అన్నమైనా తినకుండా పోయాను. మా కాలనీ జట్టులో కూత బాగా పోయేది మా బావమరిది. ఎదుటిది గోదావరి ఒడ్డు పల్లె జట్టు. చివరి నిమిషంలో మావాళ్లు ఒక్క పాయింటు వెనుకబడి ఉన్నారు. మా బావమరిది కూతకు పోయాడు. ముగ్గుర్ని తాకి తిరిగేలోగా పదహారు, పదిహేడేళ్ల కుర్రవాడొకడు వాడి చీలమండను రెండు చేతులా పట్టేశాడు. తక్కినవాళ్లు మీద పడ్డారు. మావాడు చేయి చాచాడు. నేను బటన్ నొక్కాను. అద్దం లేచింది, చీకటి. అద్దం దిగేసరికి విజిల్, కేకలు. అంపైరు చేయి మావాళ్ల వైపు లేచింది. నేను కెమెరా వదిలేసి గంతులేశాను. పట్టీ మెడలో ఉంది గనుక అది బతికింది.

పెద్ద గొడవయింది. మధ్య గీతను సున్నంతో గీశారు, అప్పటికి కాళ్ల కింద సగం చెరిగిపోయింది. చేయి ఆనిందని మావాళ్లు, ఆనలేదని వాళ్లు. చివరికి అంపైరు మాటే నిలిచింది. ఓడిన జట్టువాళ్లు ఆ కోపమంతా ఆ కుర్రవాడి మీద చూపారు. పట్టు వదిలేశావని తిట్టారు. వాడు తలవంచుకుని నిలబడ్డాడు, మోచేతుల నిండా మట్టితో.

నాలుగు రోజులకు ఫొటో వచ్చింది. మా బావమరిది వేళ్లకూ గీతకూ మధ్య బెత్తెడు ఎడం ఉంది. కుర్రవాడి రెండు చేతులూ చీలమండ చుట్టూ ముడిపడి ఉన్నాయి, పట్టు సడలిన గుర్తే లేదు.

అయితే అది సెకనులో 500వ వంతు ముక్క. ఆ తరువాతి అర సెకనులో చేయి గీతను తాకి ఉండవచ్చు, తాకకపోయి ఉండవచ్చు. మీట లాగి ఇంకొకటి తీసి ఉంటే తెలిసేదేమో. తీయలేదు.

మరుసటి వారం ఆ కుర్రవాడు సైకిలు మీద మా క్వార్టరుకు వచ్చాడు. “అన్నా, నువ్వు గీత పక్కనే కూసున్నవు. నేను పట్టు ఇడ్సలే అని మావోళ్లకు సూపియ్యాలె. ఫొటో ఉంటె ఇయ్యి, పైసలిస్త” అన్నాడు. కప్పు అప్పటికే మా బావమరిది ఇంట్లో టీవీ మీద ఉంది. రీలుకు వెలుతురు తగిలి పాడైపోయిందని చెప్పాను. మా ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి వింటోంది, ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత నేను డ్యూటీలో ఉండగా వాడు మళ్లీ వచ్చి, వేరే రీలు ఏమైనా ఉందా అని అడిగాడట. “ఆ పిల్లగాడు మళ్ల వచ్చిపోయిండు” అని చెప్పి ఆవిడ అన్నం వడ్డించింది. ఆ తరువాతి ఏడు ఆ పల్లె జట్టు వచ్చింది గాని, అందులో వాడు లేడు. ఆట మానేశాడని విన్నాను.

కాలం మారింది. డిజిటల్ కెమెరాలు వచ్చాయి. బటన్ మీద వేలు పెట్టి ఉంచితే సెకనులో పది ఫొటోలు పడే కెమెరాలున్నాయి. 2014లో ప్రో కబడ్డీ మొదలై, మన తెలుగు టైటాన్స్ జట్టును టీవీలో చూశాం. అక్కడ మట్టి లేదు, మ్యాటు. గీత చెరగదు. అంపైరు నిర్ణయం మీద అనుమానముంటే మళ్లీ చూడమని జట్టు కోరవచ్చు. అలా ఒక ఆటగాడి చేతిని తెరమీద పెద్దదిగా చేసి ఆపినప్పుడల్లా నేను మంచినీళ్ల వంకతో లేచి లోపలికి పోయేవాణ్ణి.

2019లో మా దగ్గర బాలికల కబడ్డీ పోటీలు జరిగాయి. నా కొడుకు కొనిచ్చిన డిజిటల్ కెమెరాతో పోయాను. బాలికల కోర్టు కొంచెం చిన్నది గనుక గీత దగ్గర ఎక్కడ కూర్చోవాలా అని చూస్తుండగా, నెరిసిన మీసంతో ఒకతను వచ్చి పలకరించాడు. “అన్నా, గుర్తు పట్టినవా? రీలు ఖరాబయింది అన్నవు సూడు.” అతని కూతురు ఆ జట్టులో ఆడుతోంది. ఇప్పుడు లారీ నడుపుతున్నాడట.

నేను మరేమీ మాట్లాడలేదు. బండి మీద ఇంటికి పోయి ట్రంకుపెట్టె తెరిచాను. పాత బట్టల వాసనతో ఆ కవరు అక్కడే ఉంది. తెచ్చి అతని చేతిలో పెట్టి, “ఖరాబు కాలేదు. నేను అబద్ధమాడాను” అని చెప్పాను.

అతడు చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు తీసి, దగ్గరగా పెట్టుకుని తన చేతుల్ని చూశాడు. కూతుర్ని పిలిచి చూపించాడు. “గట్టిగనే పట్టినవ్ కదా నాయినా” అని ఆ పిల్ల వెంటనే ఆటలోకి పరుగెత్తింది. నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు, నవ్వనూ లేదు.

“దీని తర్వాతది ఏదన్నా?” అని అడిగాడు.

“తీయలేదు తమ్ముడూ. అప్పటికి నేను గంతులేస్తున్నాను.”

అతడు తల ఊపి, ఫొటోను కవరులో పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. ఆ పిల్ల కూతకు బయలుదేరింది. నేను పోయి గీత కొసన కూర్చున్నాను.