దీవిలో వారం రోజుల వంటిల్లు

ఓడ రేవుకి దగ్గరవుతుంటే మొట్టమొదట కనిపించేది ఊరు కాదు... ఓ గుమ్మం! చుట్టూ గోడల్లేవు, పైన కప్పు లేదు. సముద్రం ఒడ్డున చిన్న గుట్టమీద పాలరాతి ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంటుంది. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో మొదలుపెట్టి, మధ్యలోనే వదిలేసిన గుడి తాలూకు వాకిలి అది. పేరు పోర్టారా. గ్రీసు దేశంలోని నాక్సోస్ దీవికి ఎవరొచ్చినా ముందు స్వాగతం పలికేది అదే.

ఓడ దిగాక ఇంకో స్వాగతం. ఒకప్పుడు గ్రీకు దీవుల రేవుల్లో 'గదులు అద్దెకు' అని రాసిన అట్టలు పట్టుకుని ఇళ్లవాళ్లే వరసగా నిలబడేవారు. బేరం కుదిరితే సామాను బండిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లేవారు. ఇప్పుడు బేరాలు చాలావరకూ ఫోన్లోనే అయిపోతున్నాయి. కానీ ఆ పద్ధతి మాత్రం పోలేదు. ఓ గది, చిన్న వంటిల్లు, బాల్కనీ... తాళంచెవి చేతిలో పెట్టేస్తారు. ఉన్నన్ని రోజులూ వండుకోవడం, కడుక్కోవడం అన్నీ వచ్చినవాళ్ల పనే!

చుక్కలు కాదు... చెవులు!

గ్రీసులో హోటళ్లకు చుక్కలుంటే, ఇలాంటి అద్దె గదులకు తాళంచెవులుంటాయి. ఒకటి నుంచి అయిదు వరకూ... ఎన్ని ఎక్కువైతే సౌకర్యాలు అంత ఎక్కువన్నమాట. నాక్సోస్‌లో ఇవి ఎక్కువగా ఉండేది ప్రధాన పట్టణమైన హోరాలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న అయోస్ యోర్యోస్ తీరంలోనూ. ఏథెన్స్ పక్కనున్న పిరియస్ రేవు నుంచి మామూలు ఓడలో ఇక్కడికి అయిదు గంటలకు పైనే పడుతుంది. వేగంగా వెళ్లేవాటిలో ఎక్కితే మూడున్నర, నాలుగు గంటలు. ఏథెన్స్ నుంచి చిన్న విమానాలూ ఉన్నాయి.

గదిలో అడుగుపెట్టగానే ఇంటి యజమానురాలు చెప్పే సంగతులు కొన్ని ఉంటాయి. స్నానానికి వేడినీళ్లు డాబామీది సౌరపలకల నుంచి వస్తాయి. మబ్బు పట్టిన రోజున మాత్రం హీటరు స్విచ్చి వేసి కాసేపు ఆగాలి, అయిపోగానే ఆపేయాలి. టాయిలెట్ కాగితం గొట్టంలోకి వదలకూడదు, పక్కనే ఉన్న బుట్టలో వేయాలి. పైపులు సన్నవి మరి! వేసవిలో మధ్యాహ్నం మూడింటి నుంచి అయిదున్నర దాకా గోల చేయకూడదు. అది ఊరంతా కునుకు తీసే వేళ. పంపునీళ్లు తాగొచ్చా లేదా అన్నది దీవిని బట్టి, ఒక్కోసారి వీధిని బట్టి మారుతుంది. కాబట్టి అడగకుండా తాగకూడదు.

చెప్పడం అయ్యాక చాలాచోట్ల బల్లమీద ఏదో ఒకటి పెట్టి వెళ్తారు. పెరట్లో కాసిన నాలుగు టమోటాలో, పాకంలో ఊరబెట్టిన పండ్ల ముక్కలో, ఓ సీసాడు ఇంటి వైనో. హోటల్లో దొరకని మర్యాద అది.

రెండు పొయ్యిలు... ఓ బ్రికీ

వంటిల్లు అంటే ఏదో ఊహించుకోకూడదు. రెండు కరెంటు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్, రెండు గిన్నెలు, ఓ పెనం, పదును తగ్గిన కత్తి. వీటితోపాటు పొడుగాటి పిడి ఉన్న బుల్లి గిన్నె ఒకటి తప్పకుండా ఉంటుంది. దాన్ని బ్రికీ అంటారు. గ్రీకు కాఫీ కాచుకునేది అందులోనే. ఆ పొయ్యిలతో మాత్రం జాగ్రత్త! ఇనప పలక వేడెక్కడానికి ఎంతసేపు పడుతుందో చల్లారడానికీ అంతసేపు పడుతుంది. కట్టేశాం కదా అని పోపు గిన్నెను అలాగే వదిలేస్తే ఆవాలు బొగ్గయిపోతాయి.

తెలుగు దేశం నుంచి వెళ్లేవాళ్లు పెట్టెల్లో ఏం పెట్టుకోవాలన్నది ఇంకో ప్రశ్న. బయటి దేశాల నుంచి వ్యక్తిగతంగా పాల పదార్థాలు తేవడానికి ఐరోపా సమాఖ్య నిబంధనలు ఒప్పుకోవు. అంటే నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే వదిలెయ్యాలి. కరివేపాకు పొట్లానికీ అదే గతి. ఎండుమిర్చి, ఆవాలు, పసుపు చాలు. మిగతావి అక్కడే దొరుకుతాయి.

ఎలాగంటారా? గ్రీకులు ఎండాకాలంలో ఇష్టంగా ఉడికించుకు తినే 'వ్లీటా' మరేదో కాదు, తోటకూర జాతే! సలాడ్‌లో వేసే 'గ్లిస్ట్రిదా' అచ్చంగా మన గంగవాయిలి కూర. 'బామ్యెస్' అంటే బెండకాయలు... చిటికెనవేలంత ఉంటాయి, టమోటా గుజ్జులో మగ్గబెడతారు. వంకాయలకు కొదవే లేదు. పసుప్పచ్చటి బద్దల్ని మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి పెట్టే 'ఫావా'ను చూస్తే ముద్దపప్పు గుర్తుకు రాకమానదు. పదిరోజుల ప్రయాణంలో శాండ్‌విచ్‌లతో విసిగిపోయిన నాలుకకు ఇంతకంటే ఏం కావాలి?

కొండ ఇచ్చిన కూరగాయలు

ఇవన్నీ బయటినుంచి ఓడలో వచ్చేవే అనుకుంటే పొరపాటు. సైక్లడీస్ దీవుల్లో నాక్సోసే పెద్దది. సుమారు 430 చదరపు కిలోమీటర్లు. వెయ్యి మీటర్లు దాటిన జాస్ పర్వతం ఇక్కడే ఉంది. గ్రీకుల దేవరాజు జూస్ పెరిగింది ఈ కొండమీదేనని ఐతిహ్యం. శాంటోరినీ, మికొనోస్ లాంటి పక్క దీవులు పర్యటకుల మీదే బతుకుతుంటే, నాక్సోస్‌కు మాత్రం పొలం ఉంది, పాడి ఉంది. కొండ పట్టి ఇచ్చే వాన నీళ్లే అందుకు ఆధారం.

ఇక్కడి బంగాళాదుంపలకు గ్రీసంతటా పేరు. నాక్సోస్ దుంపలని చెప్పుకుని అమ్మాలంటే అవి ఈ దీవిలో పండినవే అయి ఉండాలి. ఐరోపా భౌగోళిక గుర్తింపు ఉంది వాటికి. ఆవుపాలు ఎక్కువగా వాడి చేసే గ్రావియేరా జున్నుకూ అలాంటి గుర్తింపే ఉంది. అయితే జున్ను పేరబెట్టడానికి పశువుల నుంచి తీసిన పదార్థం వాడే అలవాటు ఉంది కాబట్టి, శాకాహారం కచ్చితంగా పాటించేవాళ్లు అడిగి కొనుక్కోవాలి. హోరా నుంచి బస్సులో కొండదారి పడితే హాల్కీ అనే ఊరొస్తుంది. దబ్బ జాతి చెట్టు ఆకులతో అక్కడ కిత్రో అనే మద్యం తీస్తారు. 1896 నాటి బట్టీ ఇప్పటికీ ఉంది.

పొద్దున్నే రొట్టెల కొట్లో వేడి రొట్టె, కూరల కొట్లో కిలో దుంపలు, ఓ జున్ను ముక్క... ఇలా సంచి పట్టుకుని తిరిగితే రెండు రోజుల్లో కొట్టువాళ్లు గుర్తుపట్టి 'కలిమేరా' అంటూ పలకరిస్తారు. శుభోదయం అని దానర్థం. డబ్బు కలిసొస్తుందని వంటిల్లు ఉన్న గది తీసుకున్నవాళ్లకు దొరికే అసలు లాభం ఇదే. హోటల్లో బల్ల దగ్గరకు పళ్లెం వచ్చేస్తుంది. ఇక్కడ ఆ పళ్లెంలోకి ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

దుంప కడిగే నీళ్లు

తెలిసేవన్నీ తియ్యటి సంగతులే కావు. ఆ కిలో దుంపల్ని పంపు కింద పెట్టి కడిగేటప్పుడు, ఆ నీళ్లెక్కడివన్న ప్రశ్న కూడా వస్తుంది.

ఈ దీవుల్లో వాన పడేది చలికాలంలోనే. దాన్ని చెరువుల్లో పట్టుకుని ఎండాకాలమంతా వాడుకోవాలి. సరిగ్గా పొలాలకు నీళ్లు కావాల్సిన జులై, ఆగస్టు నెలల్లోనే పర్యటకుల రద్దీ. దీవి జనాభా 20 వేలకు అటూ ఇటూ. ఎండాకాలంలో ఓడ వెంట ఓడ జనాన్ని దించుతూనే ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్లూ ఉప్పునీళ్లలో ఈదొచ్చి మంచినీళ్లతో స్నానం చేస్తారు. గదులకు దుప్పట్లు ఉతకాలి, ఈతకొలనులు నింపాలి.

చలికాలపు వానలు మొహం చాటేయడంతో 2024 వేసవిలో లెక్క తప్పింది. జలాశయాలు అడుగంటి బురద తేలింది. తోడగా తోడగా బావుల్లోకి సముద్రపు నీరు చొరబడింది. ఉప్పునీళ్లు పారిన చేలో దుంప ఊరుతుందా? దీవికి పేరు తెచ్చిన పంటే దెబ్బతింది. సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే యంత్రాల్ని హడావుడిగా తెప్పించుకోవాల్సి వచ్చింది. వాటితో ఇళ్లూ, హోటళ్లూ గట్టెక్కాయి. రైతులకు మాత్రం ఆ నీళ్లు అందలేదు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి కూర్చున్న అనుభవం ఉన్నవాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పనక్కర్లేదు. కొళాయి ఎవరి ఇంట్లో ఉందన్నదాన్ని బట్టే కరవు ఎవరిదో తేలుతుంది.

ఇల్లు ఎవరిది?

నీళ్ల తరవాత చెప్పుకోవాల్సింది ఇళ్ల సంగతి. ఇంటి పైభాగంలో ఓ గది అద్దెకిచ్చి పిల్లల్ని చదివించుకున్న కుటుంబాలు గ్రీకు దీవుల్లో ఎన్నో. ఊళ్లు వలసపోకుండా ఆపిన సంపాదన అది. అయితే ఇంటర్నెట్ బుకింగులు వచ్చాక మామూలుగా అద్దెకిచ్చే ఇళ్లు కూడా రోజు లెక్క బేరాల్లోకి మారిపోయాయి. దీవులకు బదిలీ మీద వచ్చే ఉపాధ్యాయులు, డాక్టర్లు ఇల్లు దొరక్క అల్లాడుతున్నారు. దొరికినా, వేసవి రాగానే పర్యటకుల కోసం ఖాళీ చేయాల్సిన పరిస్థితి ఎందరిదో.

ప్రభుత్వం ఓ రుసుము పెట్టింది. వాతావరణ విపత్తులను తట్టుకోవడానికని వసూలు చేసే ఈ మొత్తం, 2025 నుంచి రోజు లెక్కన అద్దెకిచ్చే ఫ్లాట్లకు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రాత్రికి ఎనిమిది యూరోలు. అయిదు చుక్కల హోటల్‌కైతే పదిహేను. అద్దెతోపాటు దీన్నీ కలిపి లెక్కేసుకోవాలి. చాలామంది వెళ్లేనాడు బిల్లు చూసి ఉలిక్కిపడతారు.

మరి వెళ్లకూడదా అంటే, అదీ కాదు. మే, జూన్ మొదట్లోనో సెప్టెంబరులోనో వెళ్తే దీవికీ భారం తగ్గుతుంది, వెళ్లినవాళ్లకూ సుఖం. జులై, ఆగస్టుల్లో ఉత్తరాన్నుంచి ఆగకుండా కొట్టే మెల్తెమీ గాలి బాధా ఉండదు. ఈతకొలను లేని గది, ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉండే గది ఎంచుకుంటే ఇచ్చిన డబ్బు ఊళ్లోనే ఉంటుంది. పెద్ద కొట్లో ఎక్కణ్నుంచో వచ్చిన దుంపలు చవగ్గా దొరికినా, పక్కనే ఉన్న నాక్సోస్ దుంపలే కొనొచ్చు. ఓ పంట పోయిన రైతుకు అది పెద్ద మాటే.

చాలా గుమ్మాల దగ్గర కుండీలో ఓ మొక్క ఉంటుంది. గ్రీకులు దాన్ని వసిలికోస్ అంటారు. ఆకు నలిపి వాసన చూస్తే తెలుగువాళ్లు ఇట్టే గుర్తుపడతారు... తులసికి తోబుట్టువు! వారం రోజుల వంటింట్లో కూరలు కడిగిన నీళ్లు తూములో పోయకుండా ఆ కుండీలో పోసేవాళ్లను చూస్తే ఇంటివాళ్ల మొహం విప్పారుతుంది. తాళంచెవి తిరిగి ఇచ్చేసే రోజున మళ్లీ రమ్మని వాళ్లు పిలిచే పిలుపులో మర్యాద కంటే ఎక్కువేదో ఉంటుంది.