నలుగురితో పాటు, మన తాహతు మేరకు

హైదరాబాదులో తెల్లవారుజామున ఏ కాలనీలో నడిచినా ఈమధ్య కొత్త సందడి ఒకటి వినిపిస్తోంది. అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనో, మేడ మీదో, పార్కులో ఓ మూలో పదిహేను ఇరవై మంది వరసల్లో నిలబడి ఉంటారు. పాట హోరు, మధ్యమధ్య కోచ్ కేకలు, డంబెల్స్ నేలకు ఆనిన చప్పుడు. బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు పిల్లల తల్లి, రిటైరైన మాస్టారు, నిద్రకళ్ళ సాఫ్ట్‌వేర్ కుర్రాడు, అందరూ ఒకే గడియారం చెప్పినట్టు వంగుతారు, లేస్తారు, ఎగురుతారు. కండకూ గుండెకూ ఒకే గంటలో పని చెప్పే ఈ వ్యాయామంలోకి నేనూ నడివయసులోనే వచ్చాను. వచ్చినందుకు ఎంతో సంతోషిస్తున్నాను. గుమ్మం దగ్గరే తటపటాయిస్తున్నవాళ్ళతో కొన్ని మాటలు పంచుకోవాలని ఉంది.

"కాస్త సన్నబడ్డాక వస్తానండీ" అంటారు చాలామంది. "ముందు ఈ ఆయాసం తగ్గనివ్వండి" అంటారు మరికొందరు. ఆ ఒళ్ళు, ఆ ఆయాసం ఉన్నవాళ్ళకే ఈ గంట ఎక్కువ అవసరం. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం గానీ, 75 నిమిషాలు గట్టి వ్యాయామం గానీ చేయాలనీ, దానికి తోడు వారంలో రెండు రోజులైనా కండరాలకు పని చెప్పాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మొదటి సగం మనం నడకతో తీరుస్తున్నాం. రెండో సగాన్ని దాదాపు మరిచిపోయాం. తిన్న అన్నం రక్తంలో చక్కెరగా మారాక అందులో పెద్ద వాటాను తీసుకునేవి కండరాలే. షుగరు మాట వినపడని ఇల్లు అరుదైన ఈ రోజుల్లో, కండ కాపాడుకోవడం కుర్రకారు సరదా అనుకోవడానికి వీల్లేదు.

అయితే ఈ క్లాసుల్లో వాడే పద్ధతులు ఎవరి కోసం పుట్టాయో కొత్తవాళ్ళు తెలుసుకోవాలి. ఇరవై సెకన్లు శక్తికొద్దీ చేసి, పది సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెట్టడాన్ని 'టబాటా' అంటారు. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన పరిశోధన వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఆ పరిశోధనలో సైకిలు తొక్కినవాళ్ళు ఆటలకు అలవాటుపడ్డ యువకులు. అసలు ఆ పద్ధతిని వాడింది ఆ దేశపు స్కేటింగ్ జట్టు. కొత్తగా చేరినవాళ్ళు ఆ గడియారాన్ని తీసుకుంటే చాలు, ఆ తీవ్రత అక్కర్లేదు. అందరినీ హడలెత్తించే బర్పీ కథా అలాంటిదే. 1930లలో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త రాయల్ బర్పీ దాన్ని మనిషి దారుఢ్యాన్ని కొలవడానికి రూపొందించాడు. కొద్దిసార్లు చేయించి, గుండె ఎలా కొట్టుకుంటోందో చూసే పరీక్ష అది. ఇప్పుడు క్లాసుల్లో పదులకొద్దీ చేయిస్తున్నారు. మొదటి నెలల్లో దాన్ని మళ్ళీ కొలతగానే వాడుకోవడం మేలు.

మరి ఒంటరిగా ఇంట్లో చేసుకోవచ్చు కదా, గుంపెందుకు? 1920లలో ఒట్టో కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్లిన్‌లోని ఒక పడవ పందేల క్లబ్బు సభ్యుల చేత బరువులు ఎత్తించాడు. జతగా ఎత్తినప్పుడు, ఇద్దరిలో బలం తక్కువున్నవాడు ఒంటరిగా చేసినప్పటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. మా క్లాసులో ఇది రోజూ కళ్ళారా చూస్తున్నాను. చేతులు వణికి వదిలేద్దామనుకున్న వేళకు పక్కనుంచి "ఇంకొక్కటి అక్కా, అయిపోయింది!" అన్న మాట వినిపిస్తుంది. ఆ ఒక్కటీ వస్తుంది. ఎవరూ ఎవరికీ చుట్టాలు కారు, కానీ ఒకరు నాలుగు రోజులు రాకపోతే ఫోన్లు వెళతాయి.

గుంపు ఇచ్చే ఈ పూనకంలోనే ప్రమాదమూ ఉంది. పక్కవాడు పది కిలోలు ఎత్తాడని మనమూ ఎత్తితే నడుం పడుతుంది. కాబట్టి మొదట నేర్వాల్సిన విద్య తగ్గించుకోవడం. కుర్చీలో కూర్చుని లేవడం బస్కీకి తొలిమెట్టు. గోడకు చేతులు ఆనించి చేసేది దండీకి తొలిమెట్టు. బర్పీలో ఎగరకుండా ఒక్కో కాలూ వెనక్కి వేయవచ్చు. ఆగిన వేళ ఓ చిన్న వాక్యం మాట్లాడలేకపోతే తర్వాతి రౌండు వదిలేయాలి. మంచి కోచ్ దీన్ని తప్పుపట్టడు, పైగా తానే చెబుతాడు. బీపీ, షుగరు, గుండె జబ్బు, పాత మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు ముందు డాక్టరునూ, తర్వాత కోచ్‌నూ కలిసి మాట్లాడాలి.

మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేస్తాయి. ఆ నొప్పి ఒకటి రెండు రోజుల్లో ముదిరి, తర్వాత తగ్గిపోతుంది. కానీ ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, టీ డికాక్షన్ రంగులో మూత్రం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి వారాల్లో అద్దంలో మార్పేమీ కనపడదు. అయినా ఎత్తే బరువు తేలికవుతుంది, ఎందుకంటే కండ పెరగడానికి ముందే నరాలు దాన్ని పనిలోకి పిలవడం నేర్చుకుంటాయి. ఆ నేర్పు కంటికి కనపడదు కాబట్టి చాలామంది సరిగ్గా అప్పుడే మానేస్తారు.

కలిసి చెమటోడ్చడం మనకు కొత్తేం కాదు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసిన తరాలు మనవి, కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన నేల మనది. ఆ తాలింఖానాల్లో ఆడవాళ్ళకు మాత్రం చోటు దాదాపు లేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. అయినా "బరువులెత్తితే మగాళ్ళలా అయిపోతామేమో" అన్న భయం ఇంకా వింటూనే ఉన్నాను. సాధారణ వ్యాయామంతో ఆడవాళ్ళకు అంత కండ రాదు. ముట్లు ఆగిన తర్వాత బోలుబారే ఎముకలకు మాత్రం ఆ బరువే రక్ష.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే. క్లాసు అయ్యాక, ఎల్లుండి మళ్ళీ రావాలనిపించేంత ఓపిక మిగిలిందా అని చూసుకోండి. మిగిలితే ఆ రోజు సరిగ్గా చేసినట్టే. లేకపోతే తర్వాతిసారి రెండు తగ్గించండి. పక్కవాళ్ళ దగ్గర ధైర్యం ఎంతైనా అరువు తెచ్చుకోవచ్చు, బరువు మాత్రం మన తాహతు చూసుకునే ఎత్తాలి. వచ్చే ఏడు ఇదే నెలలో కూడా ఆ వరసలో నిలబడి ఉన్నవాళ్ళే గెలిచినవాళ్ళు.